కృష్ణమ్మ సారె

బందరు సముద్రం చూసొచ్చినవాళ్లని "ఎలా ఉందండీ?" అని ఒక్కసారి అడిగి చూడండి. పదిమందిలో ఎనిమిదిమంది మొహం అదోలా పెడతారు. "సముద్రం బాగానే ఉంది గానీ, ఆ ఒడ్డే... నల్లగా..." అని సాగదీస్తారు. పెళ్లిచూపులకి వెళ్లొచ్చిన పెద్దమ్మలు "పిల్ల కళగానే ఉంది గానీ, కాస్త రంగు తక్కువ" అని నసుగుతారు చూడండీ, అచ్చం అలాగే!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మనకి నలుపంటే చిన్నచూపు. దేవుడు నల్లనివాడైతే నీలమేఘశ్యాముడని పాడుకుంటాం. కోడలు నల్లనిదైతే పౌడరు డబ్బా కొనిపెడతాం. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఆమె రంగునిబట్టే వచ్చిందని భారతం విన్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. మనకి అన్నం పెట్టే నది పేరు కూడా కృష్ణే. కృష్ణ అంటేనే నలుపు. ఆ నది చివరికి చేరుకునే ఒడ్డు నల్లగా ఉండక మరెలా ఉంటుంది?

బందరుకి పదకొండు కిలోమీటర్ల దూరంలో మంగినపూడి ఉంది. విశాఖపట్నంలోలాగా, మద్రాసులోలాగా కాళ్లకింద గరగరలాడే బంగారురంగు ఇసక కోసం వెళితే నిరాశే. అక్కడ చాలామేర కనిపించేది నల్లటి మెత్తటి మట్టి. తడి మీద నడిస్తే పాదం ముద్ర పిండిలో అచ్చు గుద్దినట్టు పడుతుంది. అల వెనక్కి వెళ్లినప్పుడు ఆ నేల కాటుక పూసిన అద్దంలా మెరుస్తుంది.

నల్లటి సముద్రపుటొడ్డులు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. హవాయి దీవుల్లో పునలూ అనే తీరం, ఐస్‌లాండులో అలలు కొండరాళ్లని కొడుతూండే తీరాలు, వీటిని చూడడానికి జనం విమానాలెక్కి వెళతారు. అక్కడి నలుపు అగ్నిపర్వతాలది. కుతకుత ఉడికే లావా పరుగున వచ్చి సముద్రంలో పడుతుంది, చన్నీళ్లు తగిలిన గాజుగ్లాసులా పెళపెళ పగిలి నల్లటి ఇసకై పోతుంది. హవాయివాళ్ల అగ్నిదేవత పేరు పీలే. ఆ నల్ల ఇసకని ఎవరైనా మూట కట్టుకుని ఇంటికి తీసుకుపోతే ఆవిడకి కోపమొస్తుందనీ, పోయినవాళ్లకి కష్టాలు తప్పవనీ అక్కడ చెప్పుకుంటారు. ఇచ్చిన చేతికే పుచ్చుకోవడమూ తెలుసన్నట్టు, ఆ దీవుల్లోనే కైమూ అనే పేరున్న నల్ల ఇసక తీరాన్ని 1990లో లావాయే వచ్చి పూర్తిగా కప్పేసింది.

మన ఉత్తరాంధ్రలో భీమునిపట్నం దగ్గర కూడా ఇసకలో నల్లటి చారలు కనిపిస్తాయి. తూర్పుకనుమల రాళ్లు అరిగి అరిగి రాలిన బరువైన రేణువులవి. ఇల్మనైటు, గోమేదికం జాతి రాళ్లు, కొంత ఇనుము. పిల్లల ఆటవస్తువుల్లోంచి చిన్న అయస్కాంతం తీసుకెళ్లి ఆ చారల్లో పెట్టి చూడండి, కొన్ని రేణువులు గబుక్కున అంటుకుంటాయి. మెత్తటి ఇసకని అల లాక్కుపోతుంది, ఈ బరువు గింజలు కదలక అక్కడే ఉండిపోతాయి. చేటలో బియ్యం చెరిగితే రాళ్లు ఒక మూలకి చేరినట్టన్నమాట.

మంగినపూడి సంగతి వేరు. ఇక్కడ అగ్నిపర్వతమూ లేదు, కొండా లేదు. చుట్టూ చూపుకి ఆనే ఎత్తయినదేదైనా ఉంటే అది తాటిచెట్టే. మరి ఈ నలుపు ఎక్కడిది?

కిందటి కార్తీకమాసంలో మేం నందివాడనుంచి స్నానానికి బయల్దేరాం. గుడివాడలో రైలెక్కితే గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చిలకలపూడి, ఆ తర్వాత బందరు. దారిపొడుగునా కిటికీలోంచి చేలే చేలు. మా ఆడపడుచు కూతురు హైదరాబాదులో చదువుతోంది. సముద్రమనగానే సెల్‌ఫోను చేత్తో పట్టుకుని అందరికంటే ముందు దిగింది. తీరా ఒడ్డు చూసి, "అమ్మమ్మా, ఇది బీచా, పొలమా?" అంది మూతి ముడిచి.

మా అత్తయ్యగారు వంగి ఒక ముద్ద తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశారు. ఆవిడ పుట్టింది, మెట్టింది, బతికింది ఈ నల్లమట్టిలోనే. బుడమేరు పొంగినప్పుడు మోకాలిలోతు బురదలో నడిచిన మనిషి. "పొలమేనే పిచ్చిపిల్లా. మన చేలో మట్టే ఇది. వేసంగుల్లో చెయ్యి దూరేంత పగుళ్లిస్తుందే, అదే. ఉప్పగా ఉంది, అంతే తేడా" అన్నారు.

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నాను. భూగోళం మాస్టారు నల్లబల్లమీద బొమ్మ గీసి గంటసేపు చెప్పింది ఆవిడ రెండువేళ్లతో తేల్చేశారు. అది నల్లరేగడే. కాకపోతే దాని పుట్టిల్లు నందివాడా కాదు, గుడివాడా కాదు.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట దక్కను పీఠభూమిలో నేల బీటలిచ్చి లావా పొంగింది. ఒకసారి కాదు, పొరమీద పొరగా, దిబ్బరొట్టెమీద దిబ్బరొట్టె వేసినట్టు. అది చల్లారి నల్లరాయి అయింది. ఆ రాయి వానకి నాని, ఎండకి పగిలి, పిండై నల్లరేగడి అయింది. మహారాష్ట్రలో పత్తి పండేది, ఉత్తర కర్ణాటకంలో జొన్న పండేది ఆ మట్టిలోనే. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ, దారిలో భీమనీ ఇంకా ఎందరో చెల్లెళ్లనీ కలుపుకుని, 1,400 కిలోమీటర్లు నడిచి, ఆ మట్టిని మోసుకుంటూ మన సీమకొచ్చింది. అంటే మన నలుపుదీ అగ్నిపర్వతపు వంశమే! హవాయిలో లావా నేరుగా సముద్రంలో దూకితే, మన లావా కొన్ని కోట్ల ఏళ్లు ఆగి, మట్టిగా మారి, నది ఒళ్లో కూచుని తీరిగ్గా వచ్చింది.

నదులకి సముద్రుడు భర్త అని మన పెద్దలన్నారు. అలా అనుకుంటే, సహ్యాద్రిలో పుట్టిన ఈ పిల్ల అత్తవారింటికి వస్తూ ఉత్తచేతుల్తో రాలేదు. ఏటేటా శ్రావణ భాద్రపదాల్లో ఎర్రగా నల్లగా చిక్కబడ్డ నీళ్లతో, పుట్టింటి మట్టిని సారెగా తెచ్చుకుంది. సారె తెచ్చిన పిల్ల ఏం చేస్తుంది? వీధిలో అందరికీ పంచిపెడుతుంది. కృష్ణా అంతే. బెజవాడ దాటగానే వడి తగ్గి, రెండు పక్కలా మట్టి పంచింది. అలా పంచిపెట్టగా మేట వేసిన నేలే మన డెల్టా. పులిగడ్డ దగ్గర తాను రెండుగా చీలి, మధ్యలో ఒక భూమిని ఒడిలో పెట్టుకుంది. దివి అంటే దీవి. అదే దివిసీమ. అందరికీ పంచగా మిగిలింది సముద్రుడి గుమ్మంలో పోసింది. ఆ గుమ్మమే మంగినపూడి.

ఈ మాట నిజమేనా అని సందేహముంటే ఘంటసాల వెళ్లాలి. సినిమా పాటల ఘంటసాలవారి ఇంటిపేరు కాదు నేను చెప్పేది, బందరుకి పడమర ఉన్న ఊరు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలమీ అనే భూగోళశాస్త్రవేత్త మన తీరాన్ని మైసోలియా అన్నాడు, నదిని మైసోలస్ అన్నాడు, కంటకొస్సుల అనే వర్తకపు రేవుని పేరు పెట్టి చెప్పాడు. అంతకు ముందే ఒక గ్రీకు నావికుడు రాసిన ఓడదారుల పుస్తకంలో మసాలియా తీరంలో సన్నటి నూలుబట్టలు దండిగా దొరుకుతాయని ఉంది. ఆ కంటకొస్సులే శాసనాల్లోని కంటకసోల, నేటి మన ఘంటసాల. అక్కడి బౌద్ధ శాసనమొకటి శివకుడనే మహానావికుణ్ణి పేర్కొంటుంది.

మహానావికుడు! ఇవాళ ఆ ఊళ్లో నిలబడి చూస్తే నాలుగువైపులా వరిచేలూ, మినపచేలూ. సముద్రం చూడాలంటే మైళ్లకొద్దీ ప్రయాణం చెయ్యాలి. ఆ ఊరి శివుడి పేరు మాత్రం ఇప్పటికీ జలధీశ్వరుడే. పార్వతీ పరమేశ్వరులు ఒకే పీఠంమీద కొలువున్న గుడి అది. సముద్రానికి ఈశ్వరుడు పొలాల మధ్య కూచుని ఉన్నాడంటే, ఆయన కదల్లేదు, సముద్రమే జరిగిపోయిందన్నమాట. కొత్తకోడలు తెచ్చిన సారె నడవ నిండిపోయి, వసారా నిండిపోయి, చివరికి ఇంటాయనే వీధరుగుమీదకి జరిగి కూచున్నట్టు! ఓడలు తిరిగిన చోట నాగళ్లు తిరిగాయి.

ఘంటసాల వెనకబడిపోయినా రేవు లేకుండా ఈ సీమ ఉండలేదు. బందరు వచ్చింది. బందరు అంటే పారశీకంలో రేవనే అర్థం. గోలకొండ నవాబులకి అది సముద్రపు సింహద్వారం. పారశీకం గుర్రాలు ఇక్కడ దిగేవి, హజ్ యాత్రికులు ఇక్కడ ఓడలెక్కేవారు. 1605-06లో డచ్చివాళ్లొచ్చారు. 1611లో గ్లోబు అనే ఓడమీద ఇంగ్లీషువాళ్లొచ్చారు. తూర్పుతీరంలో వాళ్ల మొదటి కొట్టు చెన్నపట్నంలో కాదు, మన బందర్లోనే తెరిచారు. ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు. ఇంతమంది సముద్రాలు దాటి దేనికొచ్చారంటే, ముత్యాలకీ మిరియాలకీ మాత్రమే కాదు, మన బట్టకి. ఇవాళ మీరు పండక్కి కట్టుకునే కలంకారీ చీరకి అమ్మమ్మల అమ్మమ్మ లాంటి బట్టకి.

ఆ బట్టలో కూడా ఈ తీరపు మట్టి ఉంది, వినండి. కలంకారీలో ఎరుపు చిరువేరుది. సముద్రపుటొడ్డు ఇసకనేలల్లో దానంతటదే మొలిచే చిన్న మొక్క వేరు అది. కృష్ణ మొగల దగ్గర, నిజాంపట్నం వైపు దొరికే చిరువేరుకి సాటి మరెక్కడా లేదని వర్తకులు చెప్పుకునేవారు. గవ్వలు కలిసిన నేల, ఆ నేలలోని సున్నం, ఇవే ఆ ఎరుపుకి నిగ్గు తెచ్చాయంటారు. ఇక నలుపు? తుప్పుపట్టిన ఇనపముక్కలూ బెల్లమూ నీళ్లలో వేసి, కుండకి మూత పెట్టి వారాల తరబడి ఊరేస్తారు. మన ఆవకాయ జాడీలాగే దానికీ ఓపిక కావాలి. దాన్నే కసిం అంటారు. కరక్కాయరసం, గేదెపాలు పట్టించిన బట్టమీద చెక్క అచ్చుతో ఆ కసిం అద్దితే, మొదట పాలిపోయినట్టుండి, చూస్తూండగానే కాటుకలా నల్లబడుతుంది. పెడనలో ఈ పని చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అద్దిన బట్టని పారే కాలవనీళ్లలోనే ఉతకాలి, నిలవనీళ్లు పనికిరావు. ఆ కాలవలో పారేదీ కృష్ణే.

ఈ బట్టలు ఐరోపా ఆడవాళ్లని ఎంతగా పిచ్చెక్కించాయంటే, తమ నేతగాళ్లకి పని లేకుండా పోతోందని ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టింది. ఇంగ్లండు ముందొక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. నిషేధించినకొద్దీ మోజు పెరగడం చీరల విషయంలో కొత్తేమీ కాదు. దొంగచాటుగా తెప్పించుకుని కట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇంత వైభవంగల రేవుకి ఒక్కటే లోపం. ఓడ ఒడ్డుకి రాలేదు. కృష్ణ తెచ్చి పోసిన మట్టి సముద్రంలోపలికి కూడా పరుచుకుని, మైళ్లకొద్దీ లోతు లేకుండా చేసింది. పెద్ద ఓడలు నాలుగైదు మైళ్ల అవతల లంగరు వేసి నిలబడేవి. బట్టల మూటలు చిన్న పడవల్లో వెళ్లి ఎక్కాలి. పలకలని మేకులు కొట్టకుండా కొబ్బరితాళ్లతో కుట్టి కట్టే పడవని మసూలా పడవ అనేవారు. ఆ పేరు ఈ ఊరిపేరునుంచే వచ్చిందని కొందరంటారు. వేలకి వేలు ఖరీదు చేసే సరుకు, రాజుల దుస్తులకి పోవలసిన సరుకు, కుట్టుపడవలో ఊగుతూ, తడుస్తూ, ఆ నల్లటి బురదనీళ్లమీదుగా పోయేది.

1750లో బందరుకోట ఫ్రెంచివాళ్ల చేతికొచ్చింది. 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డు ఆ కోటచుట్టూ ఉన్న బురదనేలలోంచి రాత్రిపూట సైన్యాన్ని నడిపించి పట్టుకున్నాడు. ఆ బురదలో ఎవరూ రాలేరని నమ్మి లోపలివాళ్లు ఆవైపు ధీమాగా ఉన్నారు. గెలిచినవాళ్లకి తర్వాత ఆ ఊరితో పని తగ్గింది. చెన్నపట్నం పెరిగింది. మిల్లుబట్ట వచ్చి చేతిబట్టని దెబ్బకొట్టింది. 1869 తర్వాత కారఖానాల్లో చేసిన ఎర్రరంగు వచ్చి చిరువేరుని మరిపించింది. లోతు లేని రేవుని పొగఓడలు దాటిపోయాయి. మట్టి ఒక్కటే కారణమంటే అన్యాయమవుతుంది. కానీ మిగతా కారణాలన్నీ కలిసి తలుపు మూస్తుంటే, మట్టి గడియ వేసింది.

మట్టి పెట్టిన అన్నం గురించి చెప్పాను, మూసిన రేవు గురించి చెప్పాను. మూడోది చెప్పడానికి చెయ్యి ఆడదు. అయినా చెప్పకపోతే ఈ నేల కథ పూర్తికాదు.

నది మేట వేసిన నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. సముద్రానికీ దానికీ మధ్య ఎత్తు పల్లాల తేడా కొద్దిపాటిది. లోతు లేని సముద్రంలో తుపాను గాలి నీటిని నెట్టుకొస్తే, ఆ నీటికి కిందకి దిగే చోటు ఉండదు. పైకి లేచి నేలమీదికి నడిచొస్తుంది. అదే ఉప్పెన. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీదికి అలా వచ్చింది. ముప్ఫైవేలమంది పోయారని లెక్కకట్టారు. ఒక్క రాత్రి! కోట తర్వాత మళ్లీ లేవలేదు. బందరుకోట వైపు వెళితే ఇప్పటికీ పాత గోడలు కొన్నీ, డచ్చివాళ్ల సమాధిరాళ్లూ కనిపిస్తాయి. పేరు చెక్కిన రాళ్లు ఆ దొరలవి. ఆ రాత్రి పోయిన మన ముప్ఫైవేలమందికి రాళ్లు లేవు.

నూట పదమూడేళ్ల తర్వాత, 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ. మీలో ఆ వయసువాళ్లకి ఆ తేదీ చెప్పక్కర్లేదు. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది, ఈ పేర్లు అప్పటిదాకా కృష్ణాజిల్లాలోనే చాలామందికి తెలియవు. మర్నాటినుంచి దేశమంతా ఆ పేర్లు చదివింది. తాటిచెట్టంత అల వచ్చిందని బతికినవాళ్లు చెబుతారు. పోయినవాళ్లు సుమారు పదివేలమందని సర్కారు లెక్క. అది చాలా తక్కువ లెక్క అని ఊళ్లవాళ్ల మాట. ఆ సీమలో ఇప్పటికీ కొందరు పెద్దవాళ్లు తమ పిల్లల వయసు "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అని చెబుతారు. తాటిమట్టల మధ్య రాత్రంతా చెట్టుని కావిలించుకుని బతికిన తల్లుల కథలు విన్నాను. వాటిల్లో ఏ తల్లీ తను బతికినందుకు సంతోషించినట్టు చెప్పలేదు.

ఒకటి మాత్రం మనం నేర్చుకున్నాం. 1990 మే నెలలో మళ్లీ కృష్ణ మొగల దగ్గరే పెద్ద తుపాను తీరం దాటింది. ఆసరికి హెచ్చరికలు, తుపాను ఆశ్రయాలు, ముందుగా జనాన్ని తరలించే ఏర్పాట్లు వచ్చాయి. చావులు వెయ్యిలోపే ఆగాయి. వెయ్యి తక్కువా అంటారేమో. 1977 చూసినవాళ్లని అడగండి. అయినా సముద్రం ప్రతిసారీ చెప్పి రాదు. 2004 డిసెంబరు 26 ఆదివారం, మార్గశిర పౌర్ణమి. మంగినపూడిలో పుణ్యస్నానాలకి దిగిన ఆడవాళ్లు, పిల్లలు. గాలి లేదు, వాన లేదు, ఎక్కడో ఇండోనేషియా దగ్గర భూమి కంపిస్తే లేచిన సునామీ ఉదయం వేళ ఇక్కడికొచ్చింది. రాష్ట్రం మొత్తంమీద వందమందికి పైగా పోయారు. వాళ్లలో ఇక్కడ మునకవేసి లేవనివాళ్లూ ఉన్నారు.

ఇంత తీసుకున్న సముద్రం దగ్గరికి జనం మళ్లీ పసుపుకుంకాలు పట్టుకుని వస్తారు. హంసలదీవిలో మాఘపౌర్ణమికి చూడాలి! దీపాలు, బండ్లు, వేణుగోపాలస్వామి గుడి దగ్గర కిటకిటలాడే జనం. అక్కడో కథ చెబుతారు. లోకంలోని పాపులందరూ వచ్చి మునగడంవల్ల గంగ నల్లబడిపోయిందట. విష్ణుమూర్తి ఆమెని కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి మునగమన్నాడట. ఎక్కడ తెల్లబడితే అదే మహాతీర్థమని. తిరిగి తిరిగి, కృష్ణ సముద్రంలో కలిసేచోట మునిగేసరికి కాకి హంసయిందట. అందుకే హంసలదీవి.

మన పిల్లలకి చెప్పుకునే కథల్లో నలుపు తెలుపవడమే వరం. నాకు మాత్రం ఈ కథలో వేరే రహస్యం కనిపిస్తుంది. కాకిని హంస చేసిన ఆ నీరు నల్లనిది. నల్లమట్టిని మోసుకొచ్చే నది అది. ఊరందరి మురికీ కడిగే చేతులు నల్లబడతాయి. వంటింట్లో మసిగుడ్డ నల్లగా ఉండబట్టే గిన్నెలు తెల్లగా ఉంటాయి. ఆ లెక్క మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ సారె ఇప్పుడు రావడం లేదు.

1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. దానివల్ల కరువులు తీరాయి. కాలవలు పారి నందివాడదాకా పచ్చబడింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బారేజీ వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ కాలవల్లో నీళ్లు వదిలారు. తర్వాత శ్రీశైలం, పైన కర్ణాటకంలో ఆల్మట్టి. ఒక్కొక్క ఆనకట్టా ఎన్నో లక్షలమందికి తిండి పెట్టింది, దీపం పెట్టింది. వాటిని తిట్టడానికి నేనెవర్ని? ఆ నీళ్లతో పండిన అన్నమే తిని పెరిగాను. కానీ ఆనకట్ట వెనక నీళ్లతోబాటు మట్టి కూడా ఆగిపోతుంది. నీళ్లనైనా వాటాలేసి వదులుతారు. మట్టిని ఎవరు వదులుతారు? ఒకప్పుడు బురదబురదగా వచ్చిన కృష్ణ, ఇప్పుడు వచ్చిన కాస్త సమయంలోనూ తేటగా వస్తోంది. పుట్టింటివాళ్లు పంపిన సారెనంతా దారిలో చుట్టాలే దింపేసుకుంటే, పిల్ల ఉత్తచేతుల్తో గుమ్మంలో నిలబడ్డట్టుంది.

సముద్రుడు ఊరుకుంటాడా? ఇచ్చినన్నాళ్లూ జరిగి కూచున్న మొగుడు, ఇవ్వడం మానగానే ముందుకి జరగడం మొదలుపెట్టాడు. డెల్టా చివర కొన్నిచోట్ల తీరం కోసుకుపోతోందని శాస్త్రజ్ఞులు కొలిచి చెబుతున్నారు. వేలఏళ్లు పెరిగిన నేల తరగడం మొదలైంది. దానికి తోడు, ఉప్పెనకి అడ్డంగా వేళ్లు పాతుకుని నిలబడే మడ అడవుల్ని రొయ్యల చెరువులకోసం ఎన్నోచోట్ల నరికేశారు. ఆ అడవిలో ఎంత బురద ఉందో అంత బలం ఉంది. బావురుపిల్లులు తిరిగే ఆ మడ అడవుల్లో కొంత భాగాన్ని కృష్ణా అభయారణ్యంగా కాపాడుతున్నారు, అదైనా మిగలాలి.

ఇంకోపక్క చూడండి, ఎంత చిత్రమో! గిలకలదిండిలో చేపల పడవలు మొగలో మేట వేసిన మట్టివల్ల పోటు కోసం ఆగవలసి వస్తుంది. నీళ్లు లేస్తేగానీ పడవ కదలదు. అక్కడికి దగ్గర్లోనే, ఎన్నో ఏళ్ల ఎదురుచూపుల తర్వాత, 2023 మే నెలలో బందరు కొత్త రేవు పనులు మొదలయ్యాయి. ఓడలు ఒడ్డుకి రావాలంటే ముందు చెయ్యవలసింది సముద్రం అడుగున ఉన్న మట్టిని తవ్వి తియ్యడమే. మసూలా పడవలవాళ్లు వేడుకుంటూ దాటిన బురదని ఇప్పుడు యంత్రాలు తవ్వుతాయి. ఒకచోట మట్టి ఎక్కువై తవ్వుతాం, ఇంకోచోట మట్టి చాలక ఊరు కోసుకుపోతుంటే చూస్తాం. రేవు రావాలి, బందరు పిల్లలకి బందర్లోనే ఉద్యోగాలు రావాలి. ఆ తవ్వినవాళ్లే, ఆ మట్టి ఎక్కడిది, దేన్ని నిలబెడుతోంది అని కూడా ఒకసారి ఆలోచిస్తే చాలు.

ఈసారి బందరు వెళ్లినప్పుడు మామూలుగా తెచ్చుకునేవన్నీ తెచ్చుకోండి. బందరు లడ్డూ తెచ్చుకోండి, చిలకలపూడి నగలు చూసి ముచ్చటపడి ఒక జత గాజులు తెచ్చుకోండి, పెడనలో ఒక కలంకారీ దుప్పటి బేరమాడండి. ఆ తర్వాత మంగినపూడిలో చెప్పులు విడిచి కాసేపు నడవండి. కాళ్లకి నల్లగా అంటుకుంటుంది, నిజమే. పంపు దగ్గర కడుక్కుంటే పోతుంది. కడుక్కునే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. మహాబలేశ్వరంలో బయల్దేరి, మూడు రాష్ట్రాలు దాటి, మన కంచంలో అన్నమై, మన చీరమీద రంగై, మనవాళ్లని ఎందరినో తనలో కలుపుకుని, చివరికి మీ పాదం దగ్గరికొచ్చి ఆగిన మట్టి అది. మన ఇళ్లల్లో సారె పళ్లెం ఎదురుగా పెడితే ఎవరం మొహం తిప్పుకోం. రెండుచేతులా అందుకుని కళ్లకద్దుకుంటాం.